ఎకరం ఇరవై గుంటలు, నాలుగు ఆప్షన్లు

నాకు ముప్పై నాలుగేళ్లు నిండాక ఒక మేకతో పరిచయమైంది. దాన్ని చతురస్రాకారపు పొలంలో ఒక మూలన ఏడు మీటర్ల తాడుతో కట్టేశారు. అది మేయగలిగిన మేర వైశాల్యం ఎంత అన్నది ప్రశ్న. ఆ మేక తాడు కొరకదు, గుంజకు చుట్టుకోదు, పక్కవాడి చేలో తల పెట్టదు. వృత్తంలో సరిగ్గా నాలుగో వంతు, ఒక్క గడ్డిపోచ కూడా వదలకుండా మేసి బుద్ధిగా నిలబడుతుంది. ఊళ్లో మేకలను చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి దాని క్రమశిక్షణకు నాకు మొదట్లో కొంచెం భయం కూడా వేసింది.

ఆ మేక దగ్గరికి నేను సరదాకు పోలేదు. బోధన్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో పదకొండేళ్లుగా సోషల్ చెప్పేదాన్ని. ఒక రోజు మధ్యాహ్నం కరస్పాండెంటు సారు నన్ను తన గదికి పిలిచి కుర్చీ చూపించాడు. ఆయన కుర్చీ చూపించాడంటే మంచి మాట కాదని బడిలో అందరికీ తెలుసు.

"బీఈడీ లేనోళ్లను వచ్చే జూన్ నుంచి క్లాసుల నిలబెట్టలేం మేడమ్. పైనుంచి అడుగుతున్నరు. కనీసం సీటొచ్చిన కాగితమన్న సూపియ్యిండ్రి. మిగిలింది మేం సూసుకుంటం," అన్నాడు.

పదకొండేళ్లు చెప్పిన పాఠాలకు కాగితం లేదు కాబట్టి అవి చెప్పనట్టే లెక్క. సీటు రావాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో సోషల్ టీచరు కాబోయేవాళ్లకూ లెక్కలు ఉంటాయి. మొఘలుల గురించి చెప్పేవాళ్లకు శంకువు పక్కతల వైశాల్యం తెలిసి ఉండాలని ఎవరు తీర్మానించారో గానీ, వాళ్లు చరిత్ర సరిగ్గా చదివినవాళ్లు కారని నా అనుమానం. పైగా నాకు ఏదో ఒక సీటు వస్తే చాలదు. ఇంట్లో బాపు, నేను ఇద్దరమే. అమ్మ పోయి ఆరేళ్లు. నా పెళ్లి ముచ్చట ఇక్కడ అవసరం లేదు. పొద్దున బస్సెక్కి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలో, అంటే నిజామాబాద్‌లో సీటు రావాలి. దానికి మంచి ర్యాంకు కావాలి. ర్యాంకుకు, నాకు మధ్య అడ్డంగా నిలబడింది ఈ మేకే.

అందుకని వేసవి సెలవుల్లో నిజామాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను. మెట్ల కింద చెప్పుల కుప్ప, మెట్ల మీద పాత ర్యాంకర్ల ఫొటోలు, పైన రేకుల షెడ్డు. తోటివాళ్లంతా డిగ్రీ అప్పుడే పూర్తి చేసిన పిల్లలు. మొదటి రోజు నేను లోపలికి అడుగు పెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు, చెప్పేది నేనే అనుకుని. కూర్చోమన్నాను. కూర్చున్నారు. నేనూ వెనక బెంచీలో కూర్చున్నాక కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

లెక్కల సారు నాకంటే చిన్నవాడు. చేతిలో ఎప్పుడూ ఎర్ర మార్కరు ఉండేది. ఆయన సిద్ధాంతం ఒక్కటే.

"సమ్ము సదవద్దు. ఆప్షన్లు సదవాలె. సమ్ము సదివినోడు సమ్ములనే ఉంటడు, ఆప్షన్ సదివినోడు కాలేజీల ఉంటడు," అనేవాడు.

నేను సదివే రకం. అదే నా రోగం. లెక్క అన్నది నాకు ముందు ఒక కథలా కనిపించేది. క్షేత్రమితి అనే ఆ అధ్యాయంలో ఒక పూర్తి రాజ్యం ఉంది. అక్కడ రైతు పొలంలో ఏమీ పండించడు, చుట్టూ బాట వేయించుకుంటాడు. పార్కులన్నీ దీర్ఘచతురస్రాలు. బావులన్నిటి వ్యాసార్థం ఏడు, లేదంటే పద్నాలుగు, మరీ డబ్బున్న ఊరైతే ఇరవై ఒకటి. బావి తవ్విన మట్టిని చుట్టూ సమాన ఎత్తులో గట్టుగా పోస్తారు. వాన పడి ఆ మట్టి కొట్టుకుపోయిన దాఖలా ఎక్కడా లేదు.

సాయంత్రాలు పొలం దగ్గర బాపుకు ఈ లెక్కలు చదివి వినిపించేదాన్ని. బాపు మూడో తరగతితో బడి మానేసినవాడు. చక్కెర ఫ్యాక్టరీ నడిచినంత కాలం చెరుకు, అది మూతపడ్డాక వరి. నోటిలెక్కల్లో ఆయనను ఎవరూ మించలేరు.

"దీర్ఘచతురస్రాకారపు పొలం చుట్టూ లోపలి వైపు ఒక రైతు మూడు మీటర్ల వెడల్పుతో బాట వేయించెను," అని చదివాను.

బాపు పార ఆపాడు. "లోపటి దిక్కా?"

"లోపటి దిక్కే."

"చుట్టూరా మూడు మీటర్లు ఇడిసిపెట్టిండా?"

"ఇడిసిపెట్టిండు బాపు. బాట వైశాల్యమెంత అని అడుగుతున్నరు."

"వాడు రైతు గాదు బిడ్డా. మూడు మీటర్లు గాదు, మూడు వేళ్ల గెట్టు కోసం మనకాడ తలకాయలు పలుగుతయ్. ముందుగాల వాని పేరడుగు, గా పొలం ఎవలదో సూడు. వైశాల్యం తర్వాత."

నేను నవ్వాను. కానీ లెక్క మాత్రం రాలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మాకున్న భూమి ఎకరం ఇరవై గుంటలు. నలభై గుంటలైతే ఒక ఎకరం, కాబట్టి ఎకరం ఇరవై అంటే ఎకరంనర. పాసుబుక్కులో దాన్ని 1.20 అని రాస్తారు. మధ్యలో ఉన్నది చుక్క మాత్రమే. అది దశాంశ బిందువని మా ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఇంటిపేరు తర్వాత మా ఇంట్లో ఎక్కువసార్లు పలికిన మాట అదే. ఏ ఆఫీసుకు పోయినా "ఎంత?" అంటే "ఎకరం ఇరవై." రేషన్ కార్డులో నా పేరు తప్పు పడినా బాపు ఊరుకున్నాడు గానీ, ఒకసారి కంప్యూటర్ వాడు 1.20ని 1.02 అని కొడితే మూడు నెలలు తిరిగి దిద్దించాడు.

ఈ లెక్కలో పెరిగిన చేతికి చుక్క తర్వాత ముప్పై తొమ్మిది దాటి అంకె రాదు. నలభై వస్తే పక్కకు జరిగి ఎకరం అయిపోతుంది. 1.20, 1.20 కలిపితే ఎంత అని మా ఊళ్లో ఏ అవ్వను అడిగినా మూడెకరాలని చెప్తుంది.

కాలువ అవతల, తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు ఒకాయన ఉన్నాడు. వాళ్ల ఇంట్లో ఇప్పటికీ సెంట్ల లెక్కే. నూరు సెంట్లు ఒక ఎకరం. ఆయన కాగితం మీద 1.20 రాస్తే ఎకరం ఇరవై సెంట్లు. రెండు 1.20లు ఆయనకు 2.40 అవుతాయి. నా చిన్నప్పుడు ఒకసారి బాపు, ఆయన చాయ్ హోటల్ దగ్గర దీని మీద గంటసేపు వాదించుకున్నారు. ఒకాయన మూడంటాడు, ఇంకొకాయన రెండు నలభై అంటాడు. ఇద్దరిదీ రైటే. అందుకే ఎవరూ ఓడక, చాయ్ చల్లారిపోయి, ఎవరి పొలానికి వాళ్లు పోయారు. నేను పరీక్షకు చదువుతున్నానని తెలిసి ఆయనే ఒకరోజు కాలువ గట్టు మీద ఆగి నాకు ధైర్యం చెప్పాడు.

"భయపడమాకమ్మా. మా లెక్క సుళువు, నూటితో అయిపోద్ది. పరీక్ష పెట్టేవాళ్లు కూడా మా లెక్కలోనే పెడతారంట," అన్నాడు. ధైర్యం చెప్పాడో వెక్కిరించాడో నాకు ఇప్పటికీ తెలియదు.

కోచింగ్‌లో మూడో వారం నమూనా పరీక్ష పెట్టారు. ఒక రైతుకు 1.20 ఎకరాల చొప్పున రెండు మడులు ఉన్నాయి, మొత్తం వైశాల్యం ఎంత అని ఒక ప్రశ్న. అందరికంటే ముందు పెన్ను కింద పెట్టాను. నా జవాబు 3.00. ఆప్షన్లలో అది కూడా ఉంది, బంగారంలా మెరుస్తూ.

సారు పేపరు పట్టుకుని నా బెంచీ దాకా వచ్చాడు. "అక్కా, గిదేంది? పాయింట్ ఇరవై, పాయింట్ ఇరవై కలిపితే పాయింట్ నలభై గదా."

"నలభై అయితే ఎకరమే గద సార్," అన్నాను.

తరగతిలో సగం మంది నవ్వారు. మిగిలిన సగం నవ్వలేదు. వాళ్లు తలలు వంచుకుని తమ పేపర్లు చూసుకుంటున్నారు. వేల్పూర్, సిరికొండ లాంటి పల్లెల నుంచి వచ్చే పిల్లలు. వాళ్లూ మూడే పెట్టారని నాకు అప్పుడే అర్థమైంది.

సారు మంచివాడే. నవ్వలేదు. "మూడు అన్న ఆప్షన్ ఊకెనే పెట్టలే అక్కా. పేపర్ సెట్ చేసినోడు మీ ఇంట్లకొచ్చి, మీ పాసుబుక్కు సూసి, చాయ్ తాగి పోయిండనుకో. నీకు ఏడ గలత్ అయితదో వానికి ఎరుక. నీ నోటికి మొదటొచ్చిన జవాబే వాడు తీసిన గుంత," అన్నాడు. ఎర్ర మార్కరుతో నా పరీక్ష అట్ట మీద పెద్దగా రాశాడు. గుంటలు గుర్తొస్తే పాయింట్లకు మార్చు. 1.20 అంటే 1.50.

ఆ అట్టను రోజూ బస్సులో చూసుకున్నాను. బోధన్ నుంచి నిజామాబాద్ దాకా, మళ్లీ నిజామాబాద్ నుంచి బోధన్ దాకా. 1.20 అంటే 1.50. మూడున్నర దశాబ్దాల అలవాటును మూడు వారాల్లో పీకేయాలి. బియ్యం ఏరుతూ అనుకున్నాను, బట్టలు ఆరేస్తూ అనుకున్నాను. బాపు ఎవరితోనో ఫోన్లో "ఎకరం ఇరవై" అంటుంటే లోపలి గదిలోంచి "ఒకటి పాయింట్ అయిదు" అని దిద్దాను. బాపు ఫోన్ పెట్టేసి నన్ను అదోలా చూశాడు.

పరీక్ష ముందు ఆదివారం చర్చిలో పాస్టరు గారు నా కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. బాపు చెప్పి ఉంటాడు. "ప్రభువా, ఈ సోదరికి వైశాల్యముల విషయమై, కొలతల విషయమై వివేచన దయచేయండి," అని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. బయటికి వచ్చాక మా వీధి అవ్వ ఒకామె నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

"గెట్టు పంచాయితీ యాడికొచ్చింది బిడ్డా? ఎవడు జరిపిండు ఒడ్డు?" అని అడిగింది.

ఇక అప్పటి నుంచి ఊళ్లో సగం మందికి నేను పరీక్ష రాస్తున్నాననీ, మిగిలిన సగానికి మా భూమి మీద కేసు నడుస్తోందనీ ఖాయమైంది. ఎవరు ఎదురైనా "మీ దిక్కే అయితది తియ్," అని ఒకే దీవెన పెట్టేవాళ్లు. అది రెంటికీ సరిపోయింది.

పరీక్ష నిజామాబాద్ శివారులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో. గేటు దగ్గర కమ్మలు తీయించారు, గడియారం తీయించారు. దువ్వెనను ఇటూ అటూ తిప్పి చూసి అదీ తీసుకున్నారు. జ్ఞానం ఒక్కటే లోపలికి తీసుకుపోనిచ్చారు, అది ఎటూ కనిపించేంత లేదు కాబట్టి. నా సీటు ముందు కంప్యూటరు, పక్కన గోడ.

నిజం చెప్పాలంటే బాగానే రాశాను. మేక వచ్చింది, దాన్ని మేపాను. బాట వచ్చింది, ఎవరి పొలమని అడగకుండా వేశాను. నా ధీమా నాకే ముద్దొచ్చింది. అప్పుడు తెర మీదికి ఆ ప్రశ్న వచ్చింది. సమాంతర చతుర్భుజాకారంలో ఉన్న ఒక పొలం వైశాల్యం 2.40 ఎకరాలు. కర్ణం వెంట దాన్ని రెండు త్రిభుజాలుగా చీల్చితే ఒక్కో త్రిభుజం వైశాల్యం ఎంత?

కర్ణం పొలాన్ని సరిసగం చేస్తుంది. 2.40లో సగం 1.20. చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఆప్షన్లలో మొదటిదే 1.20. నొక్కాను.

నొక్కాక ఆ అంకెను చూశాను. ఒకటి, చుక్క, ఇరవై. మా పాసుబుక్కులో ఉన్నట్టే ఉంది. పేపరు పెట్టినవాడు నిజంగానే మా ఇంటికి వచ్చి పోయాడనిపించింది. వాడికి మా భూమి తెలుసు. ఈ అంకె చూపిస్తే ఈ ఎకరం ఇరవై బిడ్డ ఎగిరి దూకుతుందని తెలుసు. నోటికి మొదట వచ్చిన జవాబే వాడు తీసిన గుంత అని సారు మాట చెవిలో మోగింది. ఎర్ర అక్షరాలు కళ్ల ముందు కనిపించాయి. 1.20 అంటే 1.50. కిందికి చూస్తే రెండో ఆప్షన్ అదే, 1.50. ఇంకేం కావాలి? 1.20 మీద టిక్ తీసేసి 1.50 మీద పెట్టాను. పెట్టి, గుంత దాటినందుకు కుర్చీలో కొంచెం వెనక్కి ఆనుకుని కూడా కూర్చున్నాను.

బస్సు ఎడపల్లి దాటాక టికెట్ వెనక రాసి చూసుకున్నాను. 1.50, 1.50 కలిపితే మూడు. పొలం 2.40. వాళ్ల లెక్కలో ఎక్కడా మూడు లేదు. మూడు మా ఇంట్లోనే ఉంది. గుంటల నుంచి పారిపోయి, పారిపోయి, నేరుగా గుంటల్లోనే పడ్డాను. పక్కన కూర్చున్నామె మరాఠీలో ఏదో అడిగింది, ఒంట్లో బాగాలేదా అని కావచ్చు. తల ఊపాను.

ర్యాంకు వచ్చింది. సీటు కూడా వచ్చింది, మూడు బస్సులు మారితే గానీ చేరలేని జిల్లాలో. నిజామాబాద్‌లో చివరి సీటు తెచ్చుకున్న అమ్మాయి మా కోచింగ్ పిల్లే. ఆమెకు నాకంటే ఒక్క మార్కు ఎక్కువ. ఆ ఒక్క మార్కు ఏదో నాకు తెలుసు. బాపును వదిలి అంత దూరం పోలేను కాబట్టి ఆ సీటు, దాంతోపాటే బడిలో చూపించాల్సిన కాగితం వదులుకున్నాను. జూన్ వచ్చింది. కరస్పాండెంటు సారు మళ్లీ కుర్చీ చూపించి, నన్ను ఆఫీసు గదిలోకి మార్చాడు. బోనఫైడ్ సర్టిఫికెట్లు రాయడం, ఆలస్యంగా వచ్చిన పిల్లల పేర్లు రాయడం. మొదటి రోజు నా ఏడో తరగతి వాళ్లు వరసగా కిటికీ ముందు నుంచి పోతూ, "టీచర్, మీరు రారా?" అని అడిగారు. ఆ పిల్లలను వదులుకోవడం నాకు భరించరాని బాధ. సర్టిఫికెట్ల దొంతర అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

బాపుకు ఈ సంగతంతా చెప్పడానికి రెండు వారాలు పట్టింది. నాట్లకు నీళ్లు పెడుతున్నాడు. ఒడ్డు మీద కూర్చున్నాను.

"ఒక్క లెక్క కాడ పోయింది బాపు," అన్నాను.

"ఏ లెక్క? గా మేకదా?"

"కాదు. ఒక పొలం రెండు పాయింట్ నలభై ఎకరాలు. అడ్డంగ కోసి ఇద్దరికి సమానంగ పంచితే ఒక్కలకు ఎంతొస్తది?"

బాపు మొహం చిట్లించాడు. "రెండెకరాల నలభై గుంటలా? గట్ల ఎవడు రాస్తడు? నలభై అయితే ఎకరమే గదా. మూడెకరాలను. మూడెకరాలల్ల సగం ఎకరంనర. మన పొలమంత."

"నేనూ ఎకరంనర అనే పెట్టిన. గలత్ అన్నరు."

"మరి రైటు ఎంతట?"

"ఎకరం ఇరవై."

బాపు నీళ్లు మళ్లించే మడవలోంచి పార తీసి పక్కన పెట్టాడు. తమాషా చేస్తున్నానేమో అని నా మొహంలోకి చూశాడు. చేయడం లేదని తెలిశాక ఆయన గొంతు మెత్తబడింది.

"ఎకరం ఇరవై అన్నా ఎకరంనర అన్నా ఒక్కటే గద బిడ్డా. మరి నిన్నెందుకు క్లాసులకెళ్లి తీసిండ్రు?"